ట్యాంకర్ల జాడ చూపే సర్వీసు: ఏడాదిన్నర వాడాక నా రివ్యూ

ఓడల బీమా ఆఫీసులో పనిచేస్తాను. ఏదైనా ట్యాంకర్, అంటే చమురు మోసే ఓడ, మా దగ్గరికి బీమా కోసం వస్తే, అది ఇంతకుముందు ఏ సరుకు మోసింది, ఎక్కడ ఎక్కించుకుంది, ఎవరి కోసం మోసింది అని చూసి సరేనని సంతకం పెట్టాలి, లేదంటే వద్దని రాయాలి. అంతకుముందు తొమ్మిదేళ్లు ట్యాంకర్ల మీదే ఉన్నాను. సెకండ్ మేట్‌గా ఉండగా సముద్రం వదిలి ఒడ్డు ఉద్యోగానికి వచ్చాను. ఈ రివ్యూ మేం ఏడాదిన్నరగా వాడుతున్న ట్యాంకర్ ట్రాకింగ్ సర్వీసు గురించి. ఆఫీసు నియమం వల్ల కంపెనీ పేరు రాయలేను. కానీ ఈ రకం సర్వీసులన్నీ దాదాపు ఒకే సరంజామాతో నడుస్తాయి, అందుకని ఏది తీసుకుందామనుకునేవాళ్లకైనా ఇది పనికొస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఓడ ఎక్కడుంది, ఏం చేసింది అన్నంతవరకు ఇది చాలా మంచి సర్వీసు. అందులో ఉన్న చమురు ఎంతకు అమ్మారో మాత్రం ఇది చెప్పలేదు. ఏ సర్వీసుకూ అది సాధ్యం కాదు. ఒక దేశపు చమురు ఎగుమతుల మీద ఆంక్షలు రాసేవాళ్లు ఈ ఒక్క తేడాను గుర్తుపెట్టుకుని రాస్తే చాలా మారుతుందని ఈ స్క్రీన్ ముందు కూర్చున్నాకే నాకు తెలిసింది. అందుకే రివ్యూ కాస్త పొడుగైంది.

లాగిన్ అవగానే మ్యాప్ వస్తుంది. ఒక్కో ఓడ ఒక్కో చిన్న త్రికోణం. పైన సెర్చ్ పెట్టె. అందులో ఓడ పేరు కొట్టకండి, ఐఎంఓ నంబరు (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ పద్ధతిలో ఓడకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) కొట్టండి. కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే నేను చెప్పే మాట ఇది. పేరు మార్చడం పెయింటు పని. ఓడ పక్కన తాళ్లతో బల్ల వేలాడదీసి ఇద్దరిని దించితే ఒక పూటలో అయిపోతుంది. జెండా, అంటే ఓడ నమోదైన దేశం, మార్చడానికి వేరే రిజిస్ట్రీకి ఫీజు కడితే చాలు. ఐఎంఓ నంబరు మాత్రం ఓడ కట్టినప్పుడు ఇచ్చింది, తుక్కుకు వెళ్లేదాకా అదే ఉంటుంది.

ఏడు అంకెల ఆ నంబరులో చివరి అంకె మిగతా ఆరింటికి కాపలా. మొదటి అంకెను 7తో, రెండోదాన్ని 6తో, అలా తగ్గించుకుంటూ ఆరోదాన్ని 2తో గుణించి అన్నీ కూడాలి. వచ్చిన మొత్తంలో చివరి అంకె, నంబరులోని ఏడో అంకె ఒకటే కావాలి. 9074729 తీసుకోండి. 63, 0, 35, 16, 21, 4 వస్తాయి. కూడితే 139. చివర 9, నంబరు చివరా 9. సరిపోయింది. ఎవరైనా తోచినట్టు రాసిచ్చిన నంబరైతే చాలావరకు ఇక్కడే దొరికిపోతుంది. ఈ సర్వీసులో లెక్క కుదరని నంబరు కొడితే పెట్టె ఎర్రబడుతుంది. ఒక బ్రోకర్ పంపిన ఫారంలో తప్పు అంకెను నేను అలా రెండు క్షణాల్లో పట్టుకున్నాను. అడిగితే టైపింగ్ పొరపాటన్నారు. నిజంగానే పొరపాటు అయ్యుండొచ్చు కూడా. అయినా సరైన నంబరు వచ్చేదాకా ఆ ఫైలు ముందుకు కదలలేదు.

పేరు మార్చి మోసం చేయడం కొత్త తెలివేమీ కాదు. 1979 చివర్లో సేలమ్ అనే పెద్ద ట్యాంకర్ కువైట్‌లో క్రూడ్ (ముడి చమురు) నింపుకుని యూరప్‌కని బయలుదేరింది. అప్పట్లో వర్ణవివక్ష పాలనలో ఉన్న దక్షిణాఫ్రికాకు అరబ్ దేశాలు చమురు అమ్మకూడదని పట్టుబట్టాయి. దారిలో సేలమ్ పేరును లెమాగా మార్చి, డర్బన్‌లో సుమారు 1,80,000 టన్నులు దించేశారు. తర్వాత ట్యాంకుల్లో సముద్రపు నీళ్లు నింపుకుని పైకి వెళ్లి, 1980 జనవరి 17న సెనెగల్ తీరం దగ్గర కావాలనే ముంచేశారు. కాపాడడానికి వెళ్లిన ఓడ మీదికి ఆ సిబ్బంది సర్దుకున్న సూట్‌కేసులతో ఎక్కారు. అంత పెద్ద ట్యాంకర్ మునిగితే నీటి మీద తేలాల్సినంత చమురు తేలలేదు. దారిలోనే ఆ సరుకు కొన్న షెల్ అనే పెద్ద చమురు కంపెనీ దాన్ని పోగొట్టుకుంది. అదే ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లో వర్ణవివక్షను వ్యతిరేకించేవాళ్లు షిప్పింగ్ రీసెర్చ్ బ్యూరో అని ఒక చిన్న సంస్థ పెట్టారు. ఏ ట్యాంకర్ ఎక్కడ నింపుకుని ఎక్కడికి వెళ్లిందో రికార్డులు వెతికి, తేదీలు పక్కపక్కన పెట్టి, దక్షిణాఫ్రికాకు చమురు చేరవేసిన ఓడల పేర్లు అచ్చువేసేవాళ్లు. నేను వాడుతున్న సర్వీసుకు వాళ్లే తాతలు. వాళ్లకు వారాలు పట్టిన పని నాకిప్పుడు ఒక మధ్యాహ్నంలో అవుతోంది.

ఇక లోపల ఏముందో చెప్తాను. ఓడలన్నీ ఏఐఎస్ అనే రేడియో పరికరంతో తమ ఉనికి చెప్పుకుంటూ ఉండాలి. అంతర్జాతీయ ప్రయాణాల్లో 300 టన్నుల పైబడిన ఓడలన్నిటికీ ఇది తప్పనిసరి. కదులుతున్న ఓడ 2 నుంచి 10 సెకన్లకోసారి, లంగరు వేసిన ఓడ 3 నిమిషాలకోసారి సిగ్నల్ పంపుతుంది. స్థానం, వేగం, ముందుభాగం ఏ దిక్కుకు ఉందన్నది (హెడింగ్) పరికరాల నుంచే వెళ్లిపోతాయి. గమ్యం, డ్రాఫ్ట్ మాత్రం మనిషి చేత్తో కొట్టాలి. డ్రాఫ్ట్ అంటే ఓడ నీళ్లలో ఎంత లోతు మునిగి ఉందన్నది. అఫ్రామాక్స్ సైజు (సుమారు లక్ష టన్నులు మోసే) ట్యాంకర్ ఖాళీగా ఉంటే 8 మీటర్ల దరిదాపుల్లో, నిండితే 15 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. రేవుకు వెళ్లకుండానే 8 కాస్తా 15 అయిందంటే నడిసముద్రంలో ఇంకో ఓడ నుంచి సరుకు ఎక్కిందన్నమాట.

కానీ ఒకప్పుడు బ్రిడ్జిలో, అంటే ఓడ నడిపే గదిలో, నిలబడి ఆ అంకె కొట్టింది నేనే. లోడింగ్ అయ్యాక రెండు రాత్రులు నిద్ర లేక, రేవులో దారి చూపే పైలట్ దిగిపోయాక డ్రాఫ్ట్ మార్చడం మరిచిపోయిన రోజులున్నాయి. అందుకే డ్రాఫ్ట్ మారలేదన్న ఒక్క ముక్క మీద ఎవరినీ దొంగ అనను. ఈ సర్వీసులో నాకు బాగా నచ్చింది ఇక్కడే. డ్రాఫ్ట్ అంకె పక్కన దాన్ని చివరిసారి ఎప్పుడు మార్చారో గంటలతో సహా చూపిస్తారు. రెండు వారాలుగా మారని అంకెకు, నిన్న రాత్రి మార్చిన అంకెకు ఒకే విలువ ఇవ్వలేం కదా.

పోయిన ఏడాది వచ్చిన ఒక కేసు చెప్తాను. ఇరవై ఏళ్లు దాటిన అఫ్రామాక్స్. కొత్త యజమాని, కొత్త జెండా. ఆంక్షలున్న దేశానికి పక్క దేశపు క్రూడ్‌ను సముద్రంలో ఓడ నుంచి ఓడకు ఎక్కించుకున్నామని కాగితాలు. మేము దీన్ని ఎస్‌టీఎస్ అంటాం. సరుకు ఎక్కించినట్టు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్, అది ఏ దేశానిదో చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ అన్నీ ముద్రలతో చక్కగా ఉన్నాయి. సర్వీసులో చూస్తే ఆ ఓడ మూడు రోజులు కాగితంలో చెప్పిన చోటే లంగరు వేసుకుని ఉంది. సర్వీసు ఒక్కో ఓడకు వేసే రిస్క్ రంగు ఆకుపచ్చ, అంటే అనుమానం లేదని. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఫైలు నా ముందు పెట్టి, "అన్నీ సరిపోయాయి సార్, పంపించేయమంటారా?" అంది.

నేను ట్రాక్ తెరిచి గంట గంటకూ హెడింగ్ చూశాను. 47 డిగ్రీలు. మళ్లీ 47. మూడు రోజులూ 47. లంగరు వేసిన ఓడ అలా ఉండదమ్మా అని పక్కన కూర్చోబెట్టి చూపించాను. అది గొలుసు చివర వేలాడుతున్నట్టే ఉంటుంది. గాలి మారితే తిరుగుతుంది, పోటు వెళ్లి ఆటు వస్తే తిరుగుతుంది. రాత్రి వాచ్‌లో నిలబడితే ఊరి దీపాలు మెల్లగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరిగిపోతుంటాయి. మూడు రోజులు ఒకే దిక్కు చూస్తూ ఉన్నదంటే అక్కడ ఓడ లేదు, ఒక తప్పుడు సిగ్నల్ ఉంది. దీన్నే స్పూఫింగ్ అంటారు.

సర్వీసులో ఉపగ్రహ రాడార్ చిత్రం తెప్పించుకునే బటన్ ఉంది. రాడార్ కాబట్టి మేఘాలున్నా, చీకటైనా కనిపిస్తుంది. ఆ మూడు రోజుల్లో ఆ చోటు మీదుగా తీసిన చిత్రం అడిగితే మర్నాడు ఉదయానికి వచ్చింది. ఉత్త నీళ్లు. ఆంక్షలున్న దేశపు లోడింగ్ టెర్మినల్ మీద అదే వారం తీసిన చిత్రం అడిగితే, బెర్తులో, అంటే ఓడ నిలిపే చోట, మా ఓడ పొడవుకు సరిగ్గా సరిపోయే ఓడ ఉంది. వద్దని రాసి ఫైలు మూసేశాను. నెల తిరగకుండానే ఆ ఓడ పేరు మారింది. ఐఎంఓ నంబరు మా వాచ్‌లిస్టులో ఉంది కాబట్టి, పేరు మారిందని మెయిల్ దానంతట అదే వచ్చింది.

ఇంతవరకు చెప్పింది ఓడ గురించి. ఇప్పుడు ధర సంగతి.

రష్యా క్రూడ్ మీద జీ7 దేశాలు, యూరోపియన్ యూనియన్ కలిసి 2022 డిసెంబరు 5 నుంచి బ్యారెల్‌కు 60 డాలర్ల పరిమితి పెట్టాయి. అంతకన్నా ఎక్కువకు అమ్మిన సరుకుకు పాశ్చాత్య దేశాల ఓడ, బీమా, బ్రోకర్, బ్యాంకు ఎవరూ సేవ చేయకూడదన్నారు. ఆ ఆలోచనను నేను తక్కువ చేయను. ప్రపంచం రోజుకు సుమారు 10 కోట్ల బ్యారెళ్లు తాగుతోంది. రష్యా లాంటి దేశపు చమురును ఒక్కసారిగా మార్కెట్ నుంచి తీసేస్తే ధర ఎగిరిపోతుంది. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన రెండు వారాల్లోనే, 2022 మార్చిలో, ప్రపంచ ధరకు కొలమానంగా చూసే బ్రెంట్ రకం చమురు 130 డాలర్లు దాటిన రోజుంది. అప్పుడు తక్కువ బ్యారెళ్లు అమ్మినా ఆ దేశానికి ఎక్కువ డబ్బు చేరుతుంది, భారం మాత్రం కొనే పేద దేశాల మీద పడుతుంది. అందుకని చమురు పారనిచ్చి డబ్బు తగ్గిద్దామన్నారు. పట్టు ఎక్కడుందో కూడా సరిగ్గానే చూశారు. ప్రపంచంలో తిరిగే ఓడల టన్నేజీలో దాదాపు 90 శాతానికి 12 పి అండ్ ఐ క్లబ్బులే (ఓడల యజమానులు కలిసి నడుపుకునే బీమా సంఘాలు) బీమా ఇస్తాయి.

తేడా కొట్టింది ఆచరణలో. సరుకు కొని అమ్మే ట్రేడరుకు ధర తెలుస్తుంది. బ్యాంకుకు కొంతవరకు తెలుస్తుంది. బీమా ఇచ్చే మాలాంటివాళ్లకు ఎప్పుడూ తెలియదు. అందుకని మాకు అటెస్టేషన్ అనే కాగితం పెట్టారు. "ఈ సరుకు పరిమితికి లోబడే కొన్నాం" అని అవతలివాళ్లు రాసిచ్చే హామీ. మంచి నమ్మకంతో అది తీసుకుని ఫైలులో పెడితే మా బాధ్యత తీరినట్టే. ఏడాది గడిచాక, 2023 డిసెంబరులో, ప్రతి ప్రయాణానికీ విడిగా 30 రోజుల్లో తీసుకోవాలని, రవాణా, బీమా ఖర్చులు అడిగితే విడివిడిగా చూపాలని నియమం గట్టి చేశారు. ఎందుకంటే సరుకు ధర 59 అని రాసి, రవాణా ఖర్చును ఉబ్బించి మిగతాది అందులో కలిపేసే వీలుంది.

ఒక్క ఓడ లెక్క వేసి చూడండి. అఫ్రామాక్స్‌లో లక్ష టన్నులు, అంటే సుమారు 7,30,000 బ్యారెళ్లు పడతాయి. కాగితం మీద బ్యారెల్‌కు 10 డాలర్లు తక్కువ చూపిస్తే ఒక్క ప్రయాణంలో 73 లక్షల డాలర్లు కనపడకుండా పోతాయి. నా స్క్రీన్ మీద ఆ ఓడ ట్రాక్ మచ్చ లేకుండా ఉంటుంది. డ్రాఫ్ట్ సరిగ్గా ఉంటుంది, హెడింగ్ తిరుగుతూ ఉంటుంది, రేవు పేరు దాచరు. దాచేది ఒక అంకెనే, అది పైనుంచి ఏ ఉపగ్రహానికీ కనపడదు.

ఇరాక్ విషయంలో ఈ పాఠం అంతకుముందే వచ్చింది. ఆంక్షల్లో ఉన్న ఇరాక్ చమురు అమ్మి ఆహారం, మందులు కొనుక్కునే ‘ఆహారం కోసం చమురు’ పథకంలో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న అధికారిక ధర మార్కెట్ కన్నా తక్కువగా ఉండేలా ఇరాక్ చూసుకునేది. ఆ తేడాలో కొంత కొన్నవాళ్ల దగ్గర్నుంచి సర్‌చార్జీ పేరుతో దొంగదారిన వెనక్కి రాబట్టేది. పథకం ముగిశాక విచారణ జరిపిన వోల్కర్ కమిటీ 2005లో ఇచ్చిన నివేదిక ప్రకారం, చమురు, సరుకుల ఒప్పందాలు రెండూ కలిపి 2,000కు పైగా కంపెనీల నుంచి సుమారు 180 కోట్ల డాలర్లు అలా అందాయి. చమురు డబ్బు చేరే ఖాతా ఐక్యరాజ్యసమితి చేతిలో ఉండగానే ఇది జరిగింది. కాగితం మీది ధరకు, బజారు ధరకు మధ్య ఖాళీ ఉందంటే అందులో ఎవరో ఒకరు చెయ్యి పెడతారు.

ఇరాన్ మీద 2012లో పెట్టిన ఆంక్షలు దీనికి పూర్తిగా వేరు. అమెరికా చట్టం ఇరాన్ చమురు కొనే దేశాలకు 180 రోజులకోసారి గడువు పెట్టింది. ఆలోగా కొనుగోళ్లు చెప్పుకోదగ్గంత తగ్గిస్తేనే ఆ దేశపు బ్యాంకులకు మినహాయింపు. 2013 ఫిబ్రవరి నుంచి చెల్లించిన డబ్బు కూడా కొన్న దేశంలోని బ్యాంకు ఖాతాలోనే ఉండాలి, ఆ దేశంతో వ్యాపారానికే వాడాలి. బ్యారెళ్లు కస్టమ్స్ లెక్కల్లో కనిపిస్తాయి, ఓడలు రేవులో కనిపిస్తాయి, డబ్బు ఫలానా ఖాతాలో ఉంటుంది. ఇరాన్ క్రూడ్ ఎగుమతి రోజుకు సుమారు 25 లక్షల బ్యారెళ్ల నుంచి 11 లక్షల దరిదాపుల్లోకి పడిపోయింది. అదే సమయంలో అమెరికాలో రాతి పొరల్లోంచి తీసే షేల్ చమురు పెరుగుతూ ఉండడం కలిసొచ్చింది, అది లేకపోతే కొనేవాళ్లు అంత సులువుగా తగ్గించేవాళ్లు కారు. అయినా, బయటివాళ్లు సొంతంగా సరిచూసుకోగల వాటి మీద నియమం పెట్టడం వల్లే అది నిలబడిందని నా నమ్మకం.

రష్యా విషయంలోనూ చివరికి అటే వచ్చారు. పరిమితి దాటారని అమెరికా మొదటిసారి ఓడల మీద చర్య తీసుకున్నది 2023 అక్టోబరు 12న, అదీ రెండు ట్యాంకర్ల మీద. అప్పటికి పది నెలలు గడిచిపోయాయి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అని మా ఆఫీసులో అందరం అనుకున్నాం. 2025 జనవరి 10న ఒకేసారి 180కి పైగా ఓడలను ఐఎంఓ నంబర్లతో సహా జాబితాలో పెట్టారు. ఆ వారం ఈ మ్యాప్ చూస్తే తేడా కళ్లకు కట్టినట్టు కనిపించింది. వెళ్తూ వెళ్తూ ఆగిపోయిన ట్యాంకర్లు, రేవు బయట దించుకునేవాళ్లు లేక లంగరు వేసినవి, దారి మళ్లినవి. చైనాలోని షాన్‌డాంగ్ రేవుల సంస్థ కూడా అమెరికా జాబితాలో ఉన్న ట్యాంకర్లను రానివ్వొద్దని అంతకు కొద్ది రోజుల ముందే తన రేవులకు చెప్పింది. అక్కడ ఎవరూ ఎవరినీ ధర అడగలేదు. నంబరు చూశారు, ఆపేశారు.

అలాగని జాబితా వేస్తే పనైపోయినట్టు కాదు. వారం వారం దాన్ని కొత్త ఓడలతో నింపుతూ ఉండాలి, ఒక దేశం వేసిన జాబితాను మిగతా దేశాలూ వేయాలి. ఒకరి జాబితాలో ఉండి ఇంకొకరి జాబితాలో లేని ఓడ ఆ సందులోంచే తిరుగుతుంది. ఈ సర్వీసులో ఒకే పేజీ మీద అమెరికా, బ్రిటన్, ఈయూ జాబితాలు పక్కపక్కనే మూడు గడులుగా, చేర్చిన తేదీలతో కనిపిస్తాయి. నా పనిలో రోజుకు ఎక్కువసార్లు తెరిచే పేజీ అదే.

ఇప్పుడు సర్వీసులో లోపాలు. మొదటిది రిస్క్ రంగు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని చూపిస్తారు కానీ ఎందుకో చెప్పరు. పైన చెప్పిన కేసులో ఆకుపచ్చ చూపించింది. ఇంకో కేసులో దీనికి పూర్తిగా ఉల్టా. మా దగ్గర ఏళ్లుగా బీమా ఉన్న ఓడ, మంచి యజమాని. అది జీపీఎస్ జామింగ్ ఉన్న ప్రాంతంలోంచి వెళ్లింది. ఈ మధ్య నల్లసముద్రంలో, బాల్టిక్‌లో, హోర్ముజ్ దగ్గర ఇది మామూలైపోయింది. ఓడ ఏ తప్పూ చేయకపోయినా మ్యాప్‌లో నేల మీద, గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. సర్వీసు దానికి ఎరుపు వేసి స్పూఫింగ్ అనుమానం అని రాసింది. అది చూసి రేవువాళ్లు బెర్తు ఇవ్వలేదు. కెప్టెన్ నాకే ఫోన్ చేశాడు, గొంతులో టెన్షన్ తెలుస్తోంది. సిబ్బందిలో నలుగురికి ఇంటికి వెళ్లే ఫ్లైట్లు ఆ మర్నాడే. అదే గంటలో ఆ ప్రాంతంలోని ఓడలన్నీ అలాగే కనిపిస్తున్నాయని స్క్రీన్‌షాట్లు తీసి సపోర్ట్‌కు పంపాను. రంగు మార్చడానికి రెండు రోజులు తీసుకున్నారు. ఆ నలుగురి ఫ్లైట్లు పోయాయి. ఒక్క ఓడ స్థానం చెదిరితే అది మోసం కావచ్చు, చుట్టుపక్కల అన్నిటికీ చెదిరితే అది జామింగ్. ఈ తేడా చూడడం కంప్యూటరుకు కష్టం కాకూడదు.

రెండోది, యజమానుల వివరాలు ఆలస్యంగా వస్తాయి. ఓడ చేతులు మారిన నాలుగైదు వారాలకు గానీ కొత్త పేరు ఎక్కదు. షాడో ఫ్లీట్‌లో, అంటే ఆంక్షలు తప్పించుకుంటూ తిరిగే ఓడల గుంపులో, ఒక్కో ఓడకు చిరునామా మాత్రమే ఉన్న ఒక్కో కంపెనీ ఉంటుంది, అందులో ఆఖరి మనిషి ఎవరో ఎప్పటికీ తేలదు. అది వీళ్ల తప్పు కాదు. కానీ పాత సమాచారం మీద నిన్నటి తేదీ వేసి చూపించడం తప్పే. మూడోది, తుక్కుకు పోయిన ఓడ ఐఎంఓ నంబరును ఇంకో ఓడ వాడుకుంటే పైన చెప్పిన లెక్క దాన్ని పట్టదు, ఎందుకంటే ఆ నంబరు సరైనదే. తుక్కు యార్డుల రికార్డుతో ఈ సర్వీసు సరిచూడాలి. ప్రస్తుతం అడిగితేనే చూస్తున్నారు.

ఇంకొక్క సంగతి రాయకుండా ముగించలేను. 2023 మే 1న మలేషియా తీరం దగ్గర పాబ్లో అనే ట్యాంకర్ పేలింది. 1997లో కట్టిన అఫ్రామాక్స్. ఖాళీగా ఉంది కాబట్టి సముద్రం బతికిపోయింది. 28 మంది సిబ్బందిలో ముగ్గురు దొరకలేదు. డెక్ పైకప్పు రేకులా లేచిపోయిన ఫొటోలు చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ డెక్ కింద పంపు గదిలో నేను నిలబడిన రాత్రులు. ఖాళీ ట్యాంకుల్లో మిగిలే గ్యాస్‌ను అదుపులో ఉంచే ఏర్పాటు సరిగ్గా పనిచేయకపోతే అది నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. మరుసటి ఏడాది జులై 19న సింగపూర్‌కు ఈశాన్యంగా సెరెస్ 1 అనే పాత పెద్ద ట్యాంకర్, హాఫ్నియా నైల్ ఢీకొని మంటల్లో చిక్కుకున్నాయి.

ఆంక్షలు రాసేవాళ్లు మంచి బీమా తీసేస్తే ఓడలు ఆగిపోవు. ఎవరూ తనిఖీ చేయని బీమాతో, ఇరవై ఏళ్లు దాటిన ఒళ్లుతో అవే జలసంధుల్లోంచి వెళ్తాయి. 2,000 టన్నులకు మించి చమురు మోసే ట్యాంకర్ దగ్గర కాలుష్య నష్టానికి బీమా సర్టిఫికెట్ ఉండాలని 1992 ఒప్పందం ఎప్పుడో చెప్పింది. అందుకే ఆంక్షతో పాటే, జలసంధి దాటేటప్పుడు ఆ సర్టిఫికెట్ నిజమైనదేనా అని అడిగే ఏర్పాటు కూడా మొదటి రోజు నుంచే ఉండాలి. 2022 డిసెంబరులో తుర్కియే బీమా లేఖ అడిగేసరికి బాస్ఫరస్ ముందు ట్యాంకర్లు బారులు తీరాయి. ఇబ్బంది పడ్డవాటిలో చాలావరకు ఆంక్షలు లేని కజకిస్తాన్ చమురు మోసేవే, కానీ ఒక్క ప్రశ్నకు ఎంత బలముందో అప్పుడు కనిపించింది. 2024 డిసెంబరులో బ్రిటన్, డెన్మార్క్ సహా ఆరు యూరప్ దేశాలు ఇంగ్లిష్ ఛానల్, డెన్మార్క్ జలసంధులు, ఫిన్లాండ్ సింధుశాఖల్లో అనుమానమున్న ట్యాంకర్లను బీమా చూపమని అడుగుతామన్నాయి. రెండేళ్ల ముందే అడగాల్సింది.

ఎవరికి పనికొస్తుందంటే, ఓడల బీమా, చార్టరింగ్ (ఓడలు అద్దెకు తీసుకోవడం), సరుకు మీద అప్పులిచ్చే బ్యాంకు పనుల్లో ఉన్నవాళ్లకు తప్పకుండా. జర్నలిస్టులకు, ఆంక్షల మీద పరిశోధన చేసేవాళ్లకు చిన్న ప్లాన్ చాలు, ఉపగ్రహ చిత్రాలు విడిగా కొనుక్కోవచ్చు. రంగు చూసి నిర్ణయం తీసుకుందామనుకునేవాళ్లు మాత్రం దీని జోలికి వెళ్లొద్దు, ట్రాక్ చదవడం వచ్చిన మనిషి పక్కన ఉండాలి. నా రేటింగ్ 5కి 4. ఆ ఒక్క మార్కు తగ్గించింది ఆ నలుగురి ఫ్లైట్ల కోసం.

మేం చందా కొనసాగిస్తున్నాం. లంగరు వేసిన ఓడ హెడింగ్ ఆరు గంటలు కదలకపోతే హెచ్చరిక రావాలని, పక్కనే చుట్టుపక్కల ఓడల స్థానాలు కూడా చూపించాలని రాసి పంపాను. మొదటిది తయారుచేస్తున్నామన్నారు. రెండోదానికి ఇంకా జవాబు రాలేదు, రేపు మళ్లీ ఫోన్ చేస్తున్నాను.